నెల్లూరులో బోర్డు లేని పార్లర్: ఐబ్రోస్, పెళ్ళి మేకప్, నలుగు, ఇంకా ఒక తొట్టి గోల

పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే చాలు, నెల్లూరులో ఐబ్రోస్ ఎవరు బాగా చేస్తారు, మేకప్‌కి ఎవరిని పిలవాలి అని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువైపోతున్నారు. ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే అంతా ఒకచోట రాసి పడేస్తున్నా. ముందే తేల్చి చెబుతా: ఐబ్రోస్‌కి ఇంకో ఆలోచన లేకుండా వెళ్ళండి. మేకప్‌కి వెళ్ళండి గానీ టైము విషయం గట్టిగా మాట్లాడుకోండి. తలకి నూనె, ఒంటికి నలుగు పెట్టించుకుంటే హాయిగా ఉంటుంది. డీటాక్స్ అని ఒక ప్యాకేజీ ఉంది చూడండి, దాని జోలికి మాత్రం పోవద్దు. ఎందుకో కింద రాశా.

పార్లర్ మాగుంట లేఅవుట్ వైపు, మినీ బైపాస్ నుంచి లోపలికి తిరిగితే ఒక ఇంట్లో ముందు గది. బోర్డు లేదు. పేరు రాయొద్దని ఆవిడే చెప్పింది, ఇప్పటికే ఆదివారం వస్తే కూర్చోడానికి కుర్చీ దొరకదు, ఇంకా జనం వస్తే నేనెక్కడ పెట్టుకునేది అంటుంది. కావాల్సినవాళ్ళు నన్ను అడగండి, దారి చెబుతా. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, అచ్చం నెల్లూరు యాస, మనం చెప్పులు విప్పేలోపే "ఏంది మ్మా, మొహాన్ని ఇట్టా చేసుకున్నావ్" అని మొదలుపెడుతుంది. కొంతమందికి అది నచ్చదు, మా తోటికోడలైతే ఒక్కసారి వెళ్ళి మళ్ళీ అటు తొంగి చూడలేదు. నాకైతే నచ్చింది. ఏసీ గదిలో మెల్లగా మాట్లాడుతూ మన చేత మూడు వేల ఫేషియల్ చేయించే వాళ్ళ కంటే, మొహం మీదే "నీకు ఫేషియల్ అక్కర్లేదు, నిద్ర చాలడం లేదు" అని చెప్పి పంపించే మనిషి నయం కదా.

ఇక ఐబ్రోస్ సంగతి. మామూలుగా పార్లర్‌కి వెళ్తే ఏం జరుగుతుంది, కుర్చీలో వెనక్కి వాల్చేస్తారు, కళ్ళు మూసుకోమంటారు, పై రెప్ప ఒక చేత్తో, కింద ఇంకో చేత్తో లాగి పట్టుకోమంటారు, రెండు నిమిషాల్లో దారం గరగరా ఆడించి అద్దం చేతికిస్తారు. ఈవిడ దగ్గర అలా కాదు. ముందు కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుతుంది, ట్యూబ్‌లైట్ కింద ఎప్పుడూ మొదలుపెట్టదు. నిటారుగా కూర్చోబెట్టి ఎదురుగా నిలబడి, ఊళ్ళో సంగతులు ఏవో అడుగుతుంది. ఆ కబుర్లు ఊరికే కాదని నాకు తర్వాత అర్థమైంది, మనం మాట్లాడేటప్పుడు ఏ కనుబొమ ఎక్కువ పైకి లేస్తుందో చూస్తుందంట. అందరికీ రెండూ ఒకేలా ఉండవు, నాకు ఎడమది కాస్త పైకి ఉంటుంది, పడుకోబెట్టి చేస్తే ఆ తేడా కనపడదు, లేచి అద్దంలో చూసుకున్నాకే తెలుస్తుంది, అప్పటికి తీయాల్సింది తీసేసి ఉంటారు.

తర్వాత చిన్న బ్రష్‌తో వెంట్రుకలన్నీ పైకి దువ్వి, తెల్ల పెన్సిల్‌తో మూడు చుక్కలు పెడుతుంది. దారం ఒక కొస ముక్కు పక్కన ఆనించి, నిలువుగా కంటి లోపలి మూల మీదుగా పైకి పట్టుకుంటే అది తగిలే చోట మొదటి చుక్క, కనుబొమ అక్కడ మొదలవ్వాలి. అదే కొస ముక్కుపుట దగ్గరే ఉంచి, మనల్ని నేరుగా చూడమని, నల్లగుడ్డు బయటి అంచు మీదుగా దారం తిప్పితే రెండో చుక్క, వంపు అక్కడ రావాలి. కంటి బయటి మూల మీదుగా తిప్పితే మూడోది, తోక అక్కడ ఆగాలి. తోక కొస మొదలు కంటే కిందికి దిగితే మొహం ఏడుపు మొహంలా అయిపోతుందని ఆ చుక్క దగ్గర మాత్రం రెండుసార్లు చూసుకుంటుంది. ఈ కొలతలు యూట్యూబ్‌లో ఎవరైనా చెబుతారు, కానీ చేతిలో దారం పట్టుకుని, ఎదురుగా పదిమంది వెయిట్ చేస్తున్నా, మనిషి మనిషికీ ఇవి వేసే ఓపిక ఎంతమందికి ఉంది చెప్పండి.

తీసేది అంతా కింది వైపే. పై అంచు దాదాపు ముట్టుకోదు, చెదిరిన నాలుగు వెంట్రుకలు తప్ప. నేను వెళ్ళిన రోజు ఇంటర్ చదివే పిల్ల ఒకతి ఫోన్‌లో ఎవరిదో ఫోటో చూపించి, సన్నగా గీతలా చేయమని పట్టుబట్టింది. ఈవిడ దారం మెళ్ళో వేసుకుని గమ్మున కుర్చీలో కూర్చుంది. "నేను చేయను మ్మా, ట్రంక్ రోడ్డులో చేస్తారు పో" అంది. పిల్ల ఏడుపు మొహం పెట్టింది, వాళ్ళమ్మ నవ్వింది. ఆ మాటకి కారణం కూడా చెప్పింది. తల మీద వెంట్రుక ఏళ్ళ తరబడి పెరుగుతూనే ఉంటుంది, కనుబొమ వెంట్రుక పెరిగేది కొన్ని వారాలే, తర్వాత ఆగిపోతుంది, తీసేసింది మళ్ళీ పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది. పదే పదే కుదుళ్ళతో లాగిన చోట కొన్నిసార్లు అసలు రానే రాదు. మా అమ్మ వాళ్ళ తరం వాళ్ళని చూస్తే తెలుస్తుంది, అప్పట్లో సన్నటి ఐబ్రోస్ ఫ్యాషన్ అని తీయించుకున్నవాళ్ళు ఇప్పుడు పెన్సిల్ లేకుండా గుమ్మం దాటలేరు. చివరికి ఆ పిల్లకి చుట్టూ శుభ్రం చేసి, ఉన్న ఒత్తుని అలాగే ఉంచి పైకి దువ్వింది. ఎంత బాగుందో ఆ పిల్ల మొహం, కళ్ళు పెద్దవైనట్టు అనిపించాయి. ఆ పిల్ల ఒప్పుకుందా లేదా అన్నది నాకు తెలియదు, అద్దంలో మాత్రం చాలాసేపు చూసుకుంది.

శుభ్రత గురించి రాయకపోతే తప్పు. దారం కొస పళ్ళతో పట్టుకునే అలవాటు మన దగ్గర ఇంకా చాలాచోట్ల ఉంది. ఈవిడ మెడకి వేసుకుంటుంది, మనిషి మనిషికీ కొత్త దారం, వాడినది మన ముందే చెత్తబుట్టలో పడేస్తుంది. ఇదేమన్నా పెద్ద విషయమా అంటారేమో, పెద్ద విషయమే. దారం పనితో చర్మం మీద కంటికి కనపడని గీతలు పడతాయి, వాటిలోంచి పులిపిర్లు, చీము పొక్కులు అంటుకున్న కేసులు డాక్టర్ల పుస్తకాల్లోకి ఎక్కాయి. మీరు వెళ్ళే పార్లర్ ఏదైనా సరే, దారం రీలు నుంచి మీ ముందే తెంపమని అడగండి, మొహమాటపడొద్దు.

ఇంకో మంచి అలవాటు, మొటిమలకి ఏమన్నా రాస్తున్నావా అని ముందే అడుగుతుంది. అడాపలీన్ జెల్ గానీ రెటినాల్ సీరం గానీ వాడేవాళ్ళకి చర్మం పలచబడి సున్నితంగా ఉంటుంది, అలాంటివాళ్ళకి వ్యాక్స్ వేస్తే పై పొర వ్యాక్స్‌తోపాటు లేచి వచ్చేస్తుంది. దారం పనికి కూడా ఆ మందు కొన్ని రోజులు ఆపి రమ్మంటుంది. పని అయ్యాక పెరట్లో కలబంద కోసి తెస్తుంది, అయితే కోయగానే కారే పసుపు రంగు జిగురు పోయేదాకా నిలువుగా పెట్టి, కడిగి, లోపలి గుజ్జు మాత్రమే రాస్తుంది. ఆ పసుపు జిగురు చాలామందికి దురద పెడుతుంది. ఆ రోజంతా అక్కడ పౌడరు, క్రీము పూయొద్దని, గోళ్ళతో గోకొద్దని చెబుతుంది. 60 రూపాయల పనికి ఇంత వివరం అవసరమా అని నవ్వుకున్నా గానీ, ఇంతవరకు నాకు ఒక్క కురుపు రాలేదు.

కనుబొమలకి రంగు వేయడం మాత్రం వెంటనే చేయదు. ఈ రోజు చెవి వెనక కాస్త రాసి పంపిస్తుంది, రెండు రోజులు ఆగి దురద, వాపు లేకపోతేనే రమ్మంటుంది. నల్ల హెన్నా అని అమ్మేవాటి గురించి అయితే పెద్ద క్లాసే పీకింది. గోరింటాకు పండితే ఎరుపో, ఇటుక రంగో, ముదురు గోధుమో వస్తుంది, గంటలో నల్లగా అయిందంటే అందులో జుట్టుకి వేసే డైలో ఉండే మందు కలిపినట్టే, అది కొందరికి బొబ్బలెక్కిస్తుంది. రొట్టెల పండగప్పుడు తిరునాళ్ళలో పిల్లల చేతులకి వేయించే నల్ల డిజైన్లు గుర్తున్నాయా, సరిగ్గా అవే.

మేకప్ సంగతికి వద్దాం. మా ఆడపడుచు కూతురి పెళ్ళి మే నెలలో, అదీ రోహిణి కార్తెలో పడింది. నెల్లూరు మేలో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా, ఎండ ఒకటే అయితే తట్టుకోవచ్చు, సముద్రం దగ్గర కాబట్టి పైన ఉక్కపోత, మైపాడు గాలి సాయంత్రం దాకా ఊళ్ళోకి రాదు, కళ్యాణ మండపంలో ఏసీ ఉన్నా హోమం దగ్గర ఆ ఏసీ ఎందుకూ పనికిరాదు. ఇలాంటి చోట మేకప్ నిలబెట్టడం మామూలు పని కాదు.

ట్రయల్‌కి వెళ్ళినప్పుడు నాకు బాగా నచ్చింది ఒకటి చెబుతా. మూడు ఫౌండేషన్లు దవడ అంచు మీద, మెడ దాకా గీతల్లా పూసింది, చేతి మీద కాదు. పూసి వెంటనే నిర్ణయించలేదు, పిల్లని గేటు దగ్గర పగటి వెలుతురులో నిలబెట్టి, "టీ తాగండి" అని మమ్మల్ని కూర్చోబెట్టేసింది. ఫౌండేషన్ చర్మం మీద జిడ్డు తగిలాక కాసేపటికి రంగు ముదురుతుంది, పూసిన వెంటనే సరిపోయినట్టు అనిపించేది పావుగంటకి బూడిద రంగులోకో, నారింజలోకో తిరుగుతుంది. టీ అయ్యాక చూస్తే మూడింట్లో ఒకటి చర్మంలో కలిసిపోయి ఎక్కడ పూసిందో వెతుక్కోవాల్సి వచ్చింది. అదే ఖాయం చేసింది. అప్పుడు మా ఇంకో ఆడపడుచు, "కాస్త తెల్లగా చేయండి, పెళ్ళికూతురు కదా" అంది. ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు. "మొహం తెల్లగా చేస్తా, మరి చేతులు ఎవరు చేస్తారక్కా, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఫోటోలో పడేది చేతులే" అంది. ఆ మాటతో మా ఆడపడుచు గమ్మునైపోయింది. చామనఛాయ పిల్ల చామనఛాయలోనే మెరిసింది, పసుపు రంగు పట్టుచీర మీద, బంగారం మీద ఆ రంగు ఎంత ఎత్తి కనిపించిందో ఫోటోలు చూసినవాళ్ళందరూ అన్నారు.

తెల్లబడటం గురించి వచ్చింది కాబట్టి ఒక మాట. మెడికల్ షాపులో ట్యూబు కొనుక్కుని నెలల తరబడి రాసుకుని, చర్మం పలచబడి, ఎర్రబడి, ఎండలోకి వెళ్తే మంట పుట్టే స్థితిలో ఫేషియల్ కోసం వచ్చే ఆడపిల్లలు ఈవిడకి వారానికొకరు తగులుతారట. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా చేతికి ఇస్తూనే ఉన్నారు. అలా వచ్చినవాళ్ళని ఈవిడ ముట్టుకోదు, పొగతోటలో ఏ స్కిన్ డాక్టరు దగ్గరికైనా పొమ్మంటుంది, ఉన్నట్టుండి క్రీము ఆపేస్తే మొహం ఇంకా మండుతుంది కాబట్టి డాక్టరు చెప్పినట్టే ఆపాలట. లేబుల్ సరిగ్గా లేని విదేశీ ఫెయిర్‌నెస్ క్రీములు ఇంకో గోల. కేరళలో మలప్పురం వైపు డాక్టర్లు కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్ళని ఆరా తీస్తే చాలామంది ఇలాంటి క్రీములు వాడినవాళ్ళేనని, వాటిలో పాదరసం ఉందని 2023లో బయటపడింది. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం పాదరసం క్రీముల్లో కావాలని కలపడానికే వీల్లేదు. తయారీదారు పేరు, అడ్రసు, బ్యాచ్ నంబరు లేని డబ్బా ఎవరు దుబాయ్ నుంచి తెచ్చిచ్చినా తీసుకోవద్దు, అత్తగారు ఇచ్చినా సరే.

పెళ్ళి రోజుకి వస్తే, పని అద్భుతం, టైము దారుణం. తెల్లవారుజామున ముహూర్తం, రెండున్నరకల్లా వస్తానంది, మూడు దాటాక వచ్చింది. ఈలోపు మా ఆడపడుచుకి టెన్షన్‌తో బీపీ పెరిగినంత పనైంది. ముందు రోజు రాత్రి కోవూరులో ఇంకో రిసెప్షన్ ఒప్పుకుందట, అది లేటైంది. ఇది క్షమించే విషయం కాదు, మీరు బుక్ చేసుకునేటప్పుడు ముందు రోజు రాత్రి ఇంకో పని ఒప్పుకోకూడదని మాట తీసుకోండి. ఇంకా పెద్ద ఫిర్యాదు, జడ వేయడానికి తెచ్చుకున్న అసిస్టెంట్ అమ్మాయి. చేయి తిరగలేదు, పిన్నులు మాడులోకి దిగేలా గుచ్చింది, పూలజడ బరువుకి రెండు గంటల్లోనే అది పక్కకి ఒరిగింది. మా చిన్నత్తయ్య చివరికి ఆ పిన్నులన్నీ తీసి, జడ మొదట్లో నల్ల దారంతో గట్టిగా కట్టి తనే నిలబెట్టింది. జడకి వేరే మనిషిని పెట్టుకోండి.

కానీ మొహం జోలికి ఆవిడ ఒక్కతే వెళ్ళింది, అక్కడ వంక పెట్టడానికి లేదు. పొర మీద పొర పలచగా, ప్రతి పొర ఆరాకే తర్వాతది. లావుగా పట్టిస్తే చెమటకి ముద్దలు కడుతుందని, పలచగా వేస్తే చెమట తుడిచినా మిగతాది అలాగే ఉంటుందని తన పద్ధతి. రాత్రి ఫ్లాష్ ఫోటోలు ఉంటాయి కాబట్టి రోజూ వాడే సన్‌స్క్రీన్ పెళ్ళి మొహానికి వద్దంది, జింక్, టైటానియం ఉన్న క్రీములు, సిలికా ఉన్న తెల్ల పౌడర్లు ఫ్లాష్ పడితే మొహాన్ని సున్నం కొట్టినట్టు చూపిస్తాయి. పగలు మాత్రం వదలొద్దని, ఎస్‌పీఎఫ్ 30 అయినా చాలని, 50 కొన్నా తేడా ఒక్క శాతం లాంటిదేనని, ఎక్కువ నంబరు కంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయడం ముఖ్యమని కూడా చెప్పింది.

మన పెళ్ళి తంతు తెలిసిన మనిషి అని తెలిసేది ఇక్కడే. బాసికం దారం కణతల దగ్గర రాసుకుని అక్కడ రంగు పోతుంది కదా, అక్కడ ఫౌండేషన్ దాదాపు వేయలేదు, పౌడరుతో సరిపెట్టింది. కనుబొమల పై భాగం బాసికం కింద దాగిపోతుంది కాబట్టి వాటికి నల్లగా పెన్సిల్ పూయకుండా మధ్యలో ఖాళీ ఉన్నచోట మాత్రం వెంట్రుకల్లా సన్నగా గీసింది. కళ్యాణతిలకం ముందు దిద్దించి, దాని చుట్టూ తర్వాత మేకప్ చేసింది, పంతులుగారు వచ్చి మళ్ళీ దిద్దితే పాడవకుండా. నడినెత్తిన పెట్టిన జీలకర్ర బెల్లం ఉక్కకి కరిగి నుదుటి మీదికి జారుతుందని తెలుసు, అందుకే పాపిటి మొదట్లో చిన్న టిష్యూ మడత జుట్టు కింద దాచింది. హోమం పొగకి కళ్ళ నీళ్ళు కారడం ఖాయం, కింది రెప్పకి కాటుక పెట్టలేదు, పై రెప్ప అంచుకే నీళ్ళకి చెదరనిది పెట్టింది. మా అమ్మమ్మ ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి పట్టిన మసి కాటుక తెచ్చి అదే పెట్టమంది, ఆవిడ పెద్దామె మాట తీసేయకుండా దాంతో బుగ్గన దిష్టి చుక్క పెట్టింది. ఇద్దరూ సంతోషం.

చీర కట్టడం కూడా ఆవిడ పనే. రాత్రి రిసెప్షన్‌కి వెంకటగిరి జరీ చీర, ఆ నేత ఎంత పలచనో మనకి తెలుసు, పిన్ను గుచ్చి లాగితే దారం తెగి చిరుగు పడుతుంది. పిన్నుకి ముందు ఒక చిన్న పూస ఎక్కించి, ఆ తర్వాత గుడ్డలోకి గుచ్చింది. బరువు పూస మీద ఆగుతుంది, చీర చిరగదు. ఇది నేను అప్పటినుంచి నా చీరలన్నిటికీ చేస్తున్నా.

ఇప్పుడు ఆ ఒంటి వైద్యాల సంగతి. లోపల గదిలో ఒక నులకమంచం, ఒక ఆవిరి యంత్రం పెట్టింది. తలకి నువ్వులనూనె గోరువెచ్చగా చేసి పట్టిస్తుంది, అరగంట మాడు, మెడ, భుజాలు. బో హాయిగా ఉంటుంది, కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాలవాళ్ళు నెలకోసారైనా వెళ్ళాలి. జుట్టు రాలడం ఆగుతుందా అని అడిగితే ఆగదనే చెప్పింది, నిద్ర బాగా పడుతుంది అంది, నాకు పట్టింది. కనుబొమలకి ఆముదం రాస్తే ఒత్తుగా వస్తాయా అంటే కూడా అదే మాట, మెరుస్తాయి, అంతకు మించి నేను మాట ఇవ్వను అంది.

నలుగు పిండి తనే మరపట్టిస్తుంది. పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, వట్టివేరు, కస్తూరి పసుపు, బావంచాలు. కస్తూరి పసుపు వంటింటి పసుపులా పచ్చగా అంటుకోదు, అందుకే అది. బావంచాలు మాత్రం కొంచెమే వేస్తుంది, వాటిలో ఎండ తగిలితే చర్మాన్ని కమిలించే గుణం ఉంది, అందుకని నలుగు సాయంత్రం పూటే పెడుతుంది, ఆ రోజు ఎండలోకి పోవద్దంటుంది. పిండి గట్టిగా రుద్దితే ఒంటి వెంట్రుకలు పోతాయని పసిపిల్లల్ని ఏడిపిస్తారు చూడండి మన ఇళ్ళలో, దానికి మాత్రం ఆవిడకి ఒళ్ళు మండుతుంది. నిమ్మరసం కలపమని అడిగినా కలపదు. గూడూరు నిమ్మకాయలు పక్కనే దొరుకుతాయి కాబట్టి మన జిల్లాలో ప్రతి చిట్కాలోనూ నిమ్మరసం ఉంటుంది, మొటిమకి నిమ్మరసం, మచ్చకి నిమ్మరసం, చంకకి నిమ్మరసం. అసలు చర్మానికి ఉండే పులుపే కొంచెం, నిమ్మరసం దానికి ఎన్నో రెట్లు పులుపు, పైగా అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్ల మచ్చలు మిగులుతాయి, మచ్చలకని రాసుకుంటే మచ్చలొస్తాయన్నమాట. గూడూరు కాయ పులిహోరలోకి పిండుకోండి, మొహానికి వద్దు.

ఇంత తెలివిగా మాట్లాడే మనిషి ఆ డీటాక్స్ తొట్టి ఎందుకు పెట్టిందో మాత్రం నాకు అర్థం కాలేదు. పాదాలు పెట్టుకునే ప్లాస్టిక్ తొట్టి, అందులో గోరువెచ్చని నీళ్ళు, కాస్త ఉప్పు, మధ్యలో కరెంటు తీగ ఉన్న ఒక గొట్టం లాంటిది. అరగంట కాళ్ళు పెడితే నీళ్ళు మెల్లగా పసుపు, తర్వాత గోధుమ, చివరికి బురద రంగులోకి మారతాయి, పైన నురగ తేలుతుంది. ఒంట్లో విషాలన్నీ అరికాళ్ళ గుండా బయటికి వచ్చాయని గోడ మీద చార్ట్ అంటించి ఉంది, ఈ రంగు వస్తే లివర్ నుంచి, ఆ రంగు వస్తే కీళ్ళ నుంచి అని. దీనికి 600 రూపాయలు.

నా పక్కన ఒక పెద్దావిడ ఆ నీళ్ళు చూసి, ఇంత చెడు నా ఒంట్లో ఉందా అని దిగులుపడిపోయింది. నేనుండబట్టలేక, "అక్కా, ఈసారి కాళ్ళు పెట్టకుండా ఒక్కసారి ఆన్ చేయండి" అన్నా. నవ్వింది గానీ కాదనలేదు. కొత్త నీళ్ళు, అదే ఉప్పు, స్విచ్ వేసి, ముగ్గురం తొట్టి చుట్టూ కూర్చున్నాం. పది నిమిషాలకి పసుపు తిరిగింది. అరగంట అయ్యేసరికి అచ్చం అదే బురద, అదే నురగ. ఉప్పునీళ్ళలో కరెంటు పోతే లోపలి ఇనుప పలకలు తుప్పు పడతాయి, ఆ తుప్పే నీళ్ళలో రంగు, అంతే, లివర్ లేదు, కీళ్ళు లేవు. ఒంట్లో చెత్తని బయటికి పంపేది లివరూ కిడ్నీలూ, అరికాళ్ళు కాదు. పెద్దావిడ "అయితే నాకేం లేదన్నమాట" అని తేరుకుంది. పార్లరావిడ చార్ట్ వైపు చూసి, "చెన్నై నుంచి వచ్చిన డీలరు అంటగట్టాడు మ్మా, పద్దెనిమిది వేలు పోశా" అంది. మరి తీసేస్తారా అంటే, జనం అడుగుతున్నారు, మొన్న బుచ్చిరెడ్డిపాళెం నుంచి దీనికోసమే వచ్చారు అని మాట మార్చింది. తర్వాత వెళ్ళినప్పుడు చార్ట్ లేదు గానీ తొట్టి మాత్రం ఉంది. కాళ్ళు నొప్పులుంటే ఇంట్లోనే గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పెట్టుకోండి, షుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, వేడి తెలియక కాలుతుంది, వాళ్ళు అది కూడా జాగ్రత్త.

రేట్లు నేను ఇచ్చినవి చెబుతా, మారితే నన్ననొద్దు. ఐబ్రోస్ 60, పై పెదవితో కలిపి 90. తలకి నూనె 400, నలుగు, ఆవిరి కలిపి 900. ఫంక్షన్ మేకప్ 3,000, చీరతో కలిపి. పెళ్ళికూతురికి ట్రయల్, ముహూర్తం, రిసెప్షన్ అన్నీ కలిపి 18,000, ఊరు దాటితే కారు ఖర్చు మనదే. ట్రంక్ రోడ్డు వైపు పెద్ద సెలూన్లలో ఇదే పనికి ఇంకా ఎక్కువ అడిగారు మమ్మల్ని. అడ్వాన్స్ సగం తీసుకుంటుంది, రసీదు ఇవ్వదు, నోట్‌బుక్‌లో రాస్తుంది. వాట్సాప్‌లో మీరే ఒక మెసేజ్ పెట్టి, సరే అనిపించుకోండి, డేటు, టైము రెండూ అందులో ఉండాలి.

మేకప్ సామాను గురించి అడిగినవాళ్ళకి: బ్రష్‌లు స్పిరిట్‌తో తుడిచి వాడుతుంది, లిప్‌స్టిక్ నేరుగా పెదవికి పెట్టదు, చిన్న గరిటెతో గీకి పళ్ళెంలో వేసి బ్రష్‌తో పూస్తుంది, మస్కారాకి వాడి పారేసే పుల్లలు ఉన్నాయి. స్పాంజి మాత్రం ఒకటే కనిపించింది, కడుగుతానని చెప్పింది, నేను మా పిల్లకి కొత్తది కొని పట్టుకెళ్ళా. మీరూ పట్టుకెళ్ళండి, వంద రూపాయలకి చిన్నబజారులో దొరుకుతుంది.

మంగళవారం సెలవు. శ్రావణ శుక్రవారాలకి ముందు రోజు, అంటే గురువారం సాయంత్రం, అస్సలు వెళ్ళొద్దు, వీధి దాకా చెప్పులే ఉంటాయి. మొహర్రం నెలలో రొట్టెల పండగ రోజుల్లో దర్గామిట్ట దాటి రావడమే గగనం, ఆ వారం వదిలేయండి. పొద్దున పదిన్నరకి వెళ్తే కిటికీలోంచి వెలుతురు బాగా పడుతుంది, ఐబ్రోస్‌కి అదే మంచి టైము. పార్కింగ్ లేదు, బండి సందు మొదట్లో వేప చెట్టు కింద పెట్టుకోవాలి. స్కానర్ ఉంది గానీ లోపలి గదిలో సిగ్నల్ రాదు, చిల్లర పట్టుకుని వెళ్ళండి.